ఎవులిదిది?

శనివారం పొద్దున్నే నౌపడలో గుణుపురం బండెక్కుతాను.
ముప్పై నాలుగేళ్ళు తపాలా బోగీలో నిలబడి
ఉత్తరాల్ని గళ్ళలోకి విసిరిన చెయ్యి
ఇప్పుడు సుద్దముక్కల సంచి పట్టుకుని
కిటికీ పక్కన కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటోంది.

పాతపట్నం దాటాక ఇదీ గీత అని ఎవరూ చూపించరు.
స్టేషను బోర్డు మీద అక్షరాలే
తలకట్టు తీసేసి గొడుగు వేసుకుంటాయి.
వేరుశెనక్కాయలమ్మే మనిషి మాత్రం అదే గొంతు,
అదే పది రూపాయల పొట్లం.

కాశీనగర్ బడిలో నాకు జీతం లేదు, రిజిస్టర్లో పేరు లేదు.
"డాల్మా తిన్నాక ఒక గంట మీది,
ఆ తర్వాత గది తాళం వెయ్యాలి"
పాఢీ మాస్టారు మొదటిరోజే చెప్పేశారు.
పదకొండుమంది. పదిమంది ఇళ్ళల్లో తెలుగే,
చదువు మాత్రం ఒడియా.
తాతని అజా అంటారు, పంతుల్ని సారంటారు,
రెండూ కలిపి నన్ను అజాసారు చేశారు.

మూడోవారం 'పండు' అని రాశాను.
"పఠడు" అన్నారు, అందరూ, గట్టిగా.
నా సున్నా వాళ్ళకి ఠ.
నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.
దమయంతి లేచి నిలబడింది.
"ఏటి అజాసారూ, దీనికి గొడుగూ నేదు, తలకట్టూ నేదు.
ఎవులిదిది?"

ఎండలో తిరిగేవాళ్ళది అందామనుకున్నాను.
మరీ అందమైన జవాబుని పిల్లలు నమ్మరు.
ముక్కుతో పలకమన్నాను.
పదకొండు ముక్కులు ఒక్కసారిగా మోగాయి.

ఆ పదకొండోవాడు ఇసాకు గొమాంగో. ఇంట్లో సవర మాట.
నేను 'నీళ్ళు' అని రాస్తే
ఇంకో పేరు కూడానా అన్నట్టు గ్లాసుకేసి చూస్తాడు.
వాడి దగ్గర వారానికో మాట అప్పు చేస్తున్నాను.
పలకమని, విని, తలడ్డంగా ఊపి
నాకు సున్నా వేస్తాడు.
అది ఏ భాషలోనైనా సున్నాయే.

పోయినవారం వాన. గది రెండుచోట్ల కురుస్తోంది.
దమయంతి గౌను జేబులోంచి నీలం కాగితం తీసింది.
పాత ఇన్‌లాండు కవరు, మడతల దగ్గర చిరిగింది.
గొడుగుల అక్షరాలు. కూడబలుక్కున్నాను.
'ఒరే సింహాద్రీ, ఆవు ఈనింది.
పెయ్యకి నుదుట సుక్క.
నువ్వొచ్చేవరకూ పేరెట్టం.'
లోపల అచ్చంగా మా ఊరి మాట.

ఇటుకల బట్టీకి మద్రాసెళ్ళిన చిన్నాన్నకట,
మామ్మ చెప్తే వాళ్ళమ్మ రాసిందట.
"పంపలేదా?"
"పంపినారు. ఎల్లి తిరిగొచ్చీసింది."

అడ్రసు మీద అడ్డంగా ఎర్రసిరా గీత.
నా గీత కాకపోవచ్చు.
కానీ రాత్రి రెండింటప్పుడు, బోగీ ఊగుతుంటే,
చేతిలోకి ఇలాంటిదొకటి వస్తే
అది ఏ గడిలోకీ పోయేది కాదు.
చివర్న ఒక గోనెసంచి వేలాడేది. అందులోకి.
ఇంకా నలభై కట్టలున్నాయి, కళ్ళు మండుతున్నాయి,
అన్నీ నిజాలే.
ఎన్ని పెయ్యలు అందులో పేర్లు లేకుండా ఉండిపోయాయో
నేను లెక్క రాసుకోలేదు. రాసుకొమ్మని రూల్సులో లేదు.

"మరి పేరేం పెట్టారు?" అడిగాను.
"ఏటో. నేనప్పటికి పుట్టనేదు."

ఆ రోజు పాఠం మానేసి
ఆ ఉత్తరాన్ని బోర్డు మీద తెలుగులో ఎక్కించాం,
ఒక్కొక్కరూ ఒక్కో మాట.
'ఈనింది' దగ్గర అందరూ ఆగి, ఊపిరి పీల్చి,
సున్నాని ముక్కుతోనే దాటారు.
ఈనడాన్ని సవరలో ఏమంటారో ఇసాకు చెప్పాడు.
నాకు మళ్ళీ సున్నా.

గుమ్మంలో పాఢీ మాస్టారు తాళాలు ఆడిస్తున్నారు.
'పెయ్యకి నుదుట' దాకా వచ్చింది.
తుడవొద్దన్నాను.
సోమవారం లెక్కల సారు తుడిచేస్తారు, తెలుసు.